పసిచేతులకొక పనిమూల

చదువనగానే మనకు పలకయు బలపమును జ్ఞప్తికి వచ్చును. అక్షరాభ్యాసమునాడు బియ్యములో బిడ్డ వ్రేలు పట్టి వ్రాయించి, ఆనాటినుండి చదువు మొదలైనదని సంతోషింతుము. కాని ఆ బిడ్డ చదువు అంతకు చాల మునుపే మొదలైనది. ప్రాకుచు పోయి గిన్నెను బోర్లించినప్పుడు, నీటితొట్టిలో చేయి పెట్టి చఱచినప్పుడు, అన్నపుమెతుకును రెండు వ్రేళ్లతో పట్టి యెత్తినప్పుడు వాడు చదువుచునే యున్నాడు. ఆ చదువునకు పుస్తకము చుట్టునున్న వస్తువులే. మూడవయేడు వచ్చుసరికి మనము ఆ వస్తువులను వాని చేతినుండి లాగికొని, పెన్సిలు పెట్టి, ఇక చదువుమని చెప్పుచున్నాము.

ఆ చేయి అప్పటికి పెన్సిలునకు సిద్ధముగా నున్నదా? మణికట్టులో ఎనిమిది చిన్న యెముకలు కలవు. శిశువు పుట్టునప్పటికి అవి యెముకలు కావు, మెత్తని మృదులాస్థి మాత్రమే. మొదటియేట రెండు గట్టిపడ నారంభించును. తక్కినవి ఏండ్ల తరబడి ఒకదాని తరువాత నొకటి గట్టిపడుచు, చిట్టచివరిది ఎనిమిది పండ్రెండేండ్ల నడుమ గాని రూపు దాల్చదు. మూడేండ్ల బిడ్డ పెన్సిలును పిడికిట బిగించి పట్టుట మొండితనము కాదు. వాని చేయి యింకను అంతవఱకే వచ్చినది. ఆ చేతికి బలమును ఒడుపును ఇచ్చునవి మట్టి పిసుకుట, త్రాడు పేనుట, కాగితము మడుచుట, తడిగుడ్డ పిండుట మొదలగు పనులు. ఈ పనులు చేసిన చేతికి అక్షరము తరువాత సులువుగా లొంగును. ఈ పనులు మాన్పించి వందమాఱులు దిద్దించిన అక్షరము, వ్రేళ్లకు నొప్పిగాను మనసునకు విసుగుగాను మిగులును.

పిల్లలు తమ చేతులతో తామే వస్తువులు చేయుచు నేర్చుకొను తావును ఇప్పుడు మేకర్ స్పేస్ అనుచున్నారు. ఆ మాట వినగానే పలువురికి కంప్యూటరు, త్రీడీ ప్రింటరు, దీపములు వెలుగు బొమ్మయంత్రములు కంటికి కట్టును. అది ధనికుల పాఠశాలలకు తగిన వేడుక యని తోచును. అయిదారేండ్లలోపు బిడ్డలకు ఆ యంత్రములతో పని లేదు. వారికి కావలసినవి మూడు: చెడిపోయినను విచారము లేని సామగ్రి, నిజముగా పనికివచ్చు చిన్న పనిముట్టు, తొందరపడి నోరు విప్పని పెద్దమనిషి. ఈ మూడింటిలో మూడవది దొరకుటయే కష్టము. ఇట్టి తావును నేను పనిమూల యందును. దానికి ప్రత్యేకముగ గది యక్కఱలేదు, ఒక మూల చాలును.

మన పల్లెపిల్లలకు ఈ విద్య క్రొత్తది కాదు. వేసవిలో తాటిముంజెలు తినిన పిల్లలు ఆ కాయలను పాఱవేయరు. రెండు కాయలకు నడుమ నొక పుల్ల గ్రుచ్చి ఇరుసు చేసి, పంగలకఱ్ఱను ఆ యిరుసుమీద నానించి త్రోయుచు వీథులవెంట పరుగెత్తుదురు. నా చిన్నతనమున నేనును త్రోసితిని. ఆ బండిని మాకెవ్వరును పాఠముగా చెప్పలేదు. పెద్దపిల్లలు చేయుచుండగా చూచితిమి. పుల్ల కాయకు నడుమ గాక ప్రక్కకు దిగిన బండి కుంటును. కాయలలో నొకటి పెద్దది, ఒకటి చిన్నది యైనచో, ఎంత తిన్నగా త్రోసినను బండి చిన్నకాయవైపునకే తిరుగును. ఇరుసు బిగిసిన చక్రము కదలదు, వదులైన ఊడిపోవును. కేంద్రము, వ్యాసము, రాపిడి అను మాటలను పిమ్మట పాఠశాలలో విన్నప్పుడు వాని యర్థము మా చేతులలో నప్పటికే యుండెను. బజారున కొన్న బొమ్మకారు ఎంత చక్కగా పరుగెత్తినను ఈ సంగతులలో నొక్కటియు చెప్పదు. అది యేల పరుగెత్తుచున్నదో ఆ రహస్యము దాని పొట్టలో నుండును. పొట్ట విప్పి చూచిన బిడ్డకు దెబ్బలు తప్పవు.

ఈ తలంపును పాఠశాలలోనికి తెచ్చినవారి చరిత్ర తెలిసికొనదగినది. జర్మనీలో ఫ్రీడ్రిక్ ఫ్రోబెల్ 1837లో బాద్ బ్లాంకెన్‌బుర్గ్ అను చిన్నయూర పసిపిల్లలకొక విద్యాలయము పెట్టి, 1840లో దానికి కిండర్‌గార్టెన్, అనగా శిశువుల తోట, అని పేరుంచెను. ఊలుబంతులు, కఱ్ఱదిమ్మలు, కాగితపుమడతలు, అల్లిక, మట్టిపని, తోటపని, పాట, ఇవియే అక్కడి చదువు. ప్రష్యా ప్రభుత్వము 1851లో ఆ తోటలను నిషేధింపగా, ఆయన మఱుసటియేట మరణించెను. నిషేధము 1860లో గాని తొలగలేదు. నిషేధమునకు లొంగని తోట మెచ్చుకొన్నవారి చేతిలోనే కొంత వాడినది. పలుచోట్ల ఉపాధ్యాయులు ఆ దిమ్మలను వరుసగా తీయించుచు, వరుసగా పెట్టించుచు, ఆటను కవాతుగా మార్చిరి. మన పట్టణములలో ఎల్.కే.జీ., యూ.కే.జీ. అను పొడియక్షరములలో ఆ తోట పేరు నిలిచియున్నది. లోపలికి పోయి చూచిన, బల్లలమీద వ్రాతపుస్తకములు మాత్రమే కనబడుట తఱచు.

ఇటలీలో రెజ్జో ఎమీలియా అను పట్టణముది వేఱొక కథ. 1945లో యుద్ధము ముగిసిన కొలదిదినములకే, దాని చేరువనున్న విల్లా చెల్లా అను పల్లెలోని జనులు, జర్మను సేన విడిచిపోయిన ఒక టాంకును, కొన్ని లారీలను, గుఱ్ఱములను అమ్మి, ఆ సొమ్ముతో తమ బిడ్డలకు తామే బడి కట్టుకొన నారంభించిరి. ఆ వార్త విని సైకిలుమీద చూడవచ్చిన లోరిస్ మలగుజ్జీ అను యువోపాధ్యాయుడు తన జీవితమంతయు ఆ యుద్యమమునకే ధారపోసెను. ఆ పట్టణపు శిశువిద్యాలయములలో ఆతెలియే అను పనిగది యుండును. అందు కళ నెఱిగినవా రొకరు పిల్లలతో కలిసి పనిచేయుదురు. 1996లో ఆ యూర రెమిడా అను కేంద్రము వెలసెను. కర్మాగారములలో మిగిలిన చెక్క, తోలు, గుడ్డ, కాగితపు ముక్కలు అక్కడ చేరి, బడులకు సామగ్రి యగును. పాఱవేసిన దానిని బిడ్డ చేతికిచ్చుట లోభము కాదు. పాడైపోవునను భయము లేని వస్తువుతోనే బిడ్డ ధైర్యముగా పనిచేయగలడు.

మన దేశమున గిజుభాయి బధేకా 1920లో భావనగరమున బాలమందిరము స్థాపించెను. అక్కడ ఆయనతో పనిచేసిన తారాబాయి మోదక్ 1945లో మహారాష్ట్రతీరమున బొర్డీ గ్రామములో శిశువిద్య మొదలిడగా, అనూతాయి వాఘ్ ఆమెకు తోడైనది. వెలగల విదేశీ పరికరములు అక్కడి పేదపిల్లలకు ఎక్కడివి? ఊర దొరకు గింజలు, ఆకులు, గవ్వలు, మట్టి వారికి పరికరములైనవి. పిల్లలు బడికి రానియెడల బడియే వారి ముంగిటికి పోయినది. అంగణమనగా ముంగిలి గదా. అంగన్‌వాడీ యను మాటలో ఆ ముంగిలియే కలదు. 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి సేవాపథకము 33 ప్రాజెక్టులతో మొదలై, ఆ పేరును దేశమంతట వ్యాపింపజేసెను.

మా వీథి చివరనున్న అంగన్‌వాడీ కేంద్రమున ఇట్టి మూల నొకదానిని రెండేండ్ల క్రిందట ఏర్పఱచితిమి. నేను ఉపాధ్యాయవృత్తినుండి విరమించినవాడను. అక్కడి కార్యకర్త యిరువదియేండ్లుగా పసిపిల్లలతో మెలగినది. పిల్లలు పదునెనిమిదిమంది. గోడవార పొట్టిబల్ల యొకటి వేసి దానిమీద బుట్టలు పెట్టితిమి. కొబ్బరిచిప్పలు, మొక్కజొన్నబెండ్లు, పాతచీరల పీలికలు, పురికొస, అట్టముక్కలు, వడ్రంగి దుకాణమున మిగిలిన మెత్తని చెక్కముక్కలు వేర్వేఱు బుట్టలలో నుండును. వాకిట నొక తొట్టిలో చెఱువుమట్టి. పనిముట్లన్నను మొన మొద్దుగానున్న కత్తెరలు నాలుగు, చిన్నసుత్తులు రెండు, అంతియే.

నియమములును నాలుగే. మూడేండ్లలోపు బిడ్డలున్నప్పుడు నోట పట్టునంతటి చిన్నవస్తువేదియు బల్లమీద నుండరాదు. చింతగింజలును గవ్వలును పైయఱలో నుండి, పెద్దపిల్లలకు మాత్రమే క్రిందికి దిగును. బొత్తామువంటి బ్యాటరీలు గల పాతబొమ్మలను గడప దాటనీయరాదు. అట్టి బ్యాటరీని మ్రింగిన బిడ్డకు రెండుగంటలలోనే అన్నవాహిక కాలిపోవచ్చును. సుత్తి పట్టిన బిడ్డ ప్రక్కన పెద్దవా రొకరు కూర్చుండి తీరవలెను. నాలుగవది పెద్దలకు: బిడ్డ అడుగనిదే పనిలో వ్రేలు పెట్టరాదు.

ఈ నాలుగవ నియమమున నెంత బలమున్నదో ఒకనాడు చూచితిని. నాలుగేండ్ల పిల్ల యొకతె పుల్ల రెండుకొనలకును కొబ్బరిచిప్పలు కట్టి త్రాసు చేయబూనినది. నడుమ పట్టి యెత్తగా ఒకవైపు క్రుంగినది. చిప్ప మార్చునేమో యని నేననుకొంటిని. ఆమె చిప్పను మార్చలేదు. పట్టుకొను చోటును మార్చినది. కొంచెము కొంచెముగా జరుపుచు పోగా ఒకచోట పుల్ల తిన్నగా నిలిచినది. "టీచరమ్మా, నిలబడిందీ!" అని ఆమె కేక వేసినది. నేనైనచో ఎందుకు నిలిచినదని ప్రశ్నించి, జవాబు చెప్పి, పాఠము ముగించి యుందును. కార్యకర్త అట్లు చేయలేదు. "అయితే మట్టి ఏ చిప్పలో వేద్దామమ్మా?" అని మాత్రము అనినది. ఆ మాటతో ఇంకొక గంట గడచినది. మఱి ముగ్గురు పిల్లలు వచ్చి చేరిరి. "ఎక్కువ", "తక్కువ", "సమానం" అను మాటలు వారి నోట నెన్నిమాఱులు వచ్చినవో లెక్కలేదు.

ఇట్లు నడచుచుండగా రెండు అభ్యంతరములు వచ్చినవి. మొదటిది ఒక గుమాస్తాగారి భార్య తెచ్చినది. "మాస్టారూ, పక్కింటివాళ్ళ అబ్బాయి ఇంగ్లీషుబడిలో వందదాకా రాసేస్తున్నాడు. మావాడు రోజూ మట్టి కొట్టుకుని వస్తున్నాడు. వాణ్ణి కుండలు చేసుకోమని పంపుతున్నామా?" అని ఆమె యడిగినది. తల్లియొక్క ఆరాటము సహజమే; కాని ఆ మాటలో కుండలు చేయువారిపట్ల చులకన యున్నది. ఆమెకు జవాబు చెప్పుట నాకు కష్టము కాలేదు. మట్టిలో మెదలిన వ్రేళ్లు వ్రాతకు సిద్ధమగునని, వంద యంకెలు వ్రాసిన బిడ్డకు పది చింతగింజలను చూపి ఎన్నియని యడుగుమని చెప్పితిని.

రెండవది చెక్కముక్కలిచ్చుచున్న వడ్రంగి చెప్పినది. ఆయన కుమారుడును ఆ పదునెనిమిదిమందిలో నొకడు. "మాస్టారూ, ఈ సుత్తి మా ఇంట్లో నాలుగు తరాలనుంచీ ఉందండి. మావాణ్ణి మీ దగ్గరికి పంపింది సుత్తి పట్టడానికి కాదండి" అని ఆయన మెల్లగా ననెను. దీనికి నాకు వెంటనే జవాబు తోపలేదు. మొదటి మాట పనిమీది తిరస్కారమునుండి వచ్చినది. ఈ మాట పనిచేసి చేసి అలసిన యనుభవమునుండి వచ్చినది. రెండింటికి ఒకే సమాధానము చెల్లదు.

ఆయన భయమునకు చరిత్రలో మూలము కలదు. 1953లో చెన్నరాష్ట్ర ముఖ్యమంత్రి రాజగోపాలాచారిగారు గ్రామప్రాథమికవిద్యలో ఒక క్రొత్తపద్ధతిని ప్రవేశపెట్టిరి. బడి దినమునకు మూడుగంటలు మాత్రమే; తక్కినకాలము పిల్లలు ఇంట తల్లిదండ్రులవృత్తిని నేర్చుకొనవలెను. ఆంధ్రరాష్ట్రము అక్టోబరు 1న విడిపోవువఱకు మన కోస్తా, రాయలసీమ జిల్లాలును ఆ రాష్ట్రములోనివే. ఇది కులవిద్య యని ద్రావిడోద్యమమువా రెదిరించిరి. కాంగ్రెసులోనే పలువు రెదిరించిరి. 1954లో ఆయన పదవి విడువగా, కామరాజుగారి ప్రభుత్వము ఆ పద్ధతిని రద్దు చేసెను. చేతిపని గొప్పదని చెప్పుటలో తప్పులేదు. వడ్రంగి బిడ్డకు ఉలి, చాకలి బిడ్డకు బండ, పంతులు బిడ్డకు పుస్తకము అని పుట్టుకను బట్టి పంచినప్పుడు ఆ గొప్పమాటయే సంకెల యగును. మా వడ్రంగి ఆ చరిత్రను చదివియుండడు. దాని బరువు మాత్రము ఎఱుగును.

కావున పనిమూలకు ఒక షరతు కలదు. అక్కడ ఏ బిడ్డ యే పని చేయునో పుట్టుక నిర్ణయింపరాదు. పని చేసిన ప్రతిబిడ్డయు దానిగూర్చి మాటలాడి, బొమ్మ గీసి, దాని పేరు కాగితముమీద చూడవలెను. ఆ వడ్రంగితో మాటలాడిన పిమ్మట మేము ఈ రెండవ భాగమును గట్టిపఱచితిమి. పిల్లవాడు చేసిన వస్తువు నెదుట పెట్టుకొని చెప్పిన మాటను, వాడు చెప్పినది చెప్పినట్లు, కార్యకర్త పెద్దయక్షరములతో వ్రాసి క్రింద నుంచును. తన మాట కాగితముమీదికి ఎక్కుట కన్నులార చూచిన బిడ్డకు అక్షరముమీద ఆశ పుట్టును. పని ముగిసిన తరువాత ప్రతిదినమును అరగంట కథల పుస్తకము. వడ్రంగి కొడుకు పుస్తకము ముందు కూర్చుండును, గుమాస్తా కొడుకు సుత్తి పట్టుకొనును, మఱునాడు తాఱుమాఱు. మేకును ముందుగా రెండు చిన్నదెబ్బలతో నిలబెట్టవలెనని మొదటివాడు రెండవవానికి చూపినాడు. గుమాస్తాగారి భార్య అది చూచి ఏమియు ననలేదు గాని, మట్టినిగూర్చి మరల అడుగలేదు.

ఇంకొక సంగతి యున్నది. పనిమూల అంగన్‌వాడీలో మాత్రముండి, రుసుములు పుచ్చుకొను బడులలో అక్షరము మాత్రమే యున్నచో, వడ్రంగి భయమే నిజమగును. పేదలకు మట్టి, కలవారికి మాట అని మరల రెండుదారు లేర్పడును. 2020నాటి జాతీయవిద్యావిధానము మూడేండ్లనుండి ఎనిమిదేండ్లవఱకు ఒకే పునాదిదశగా నెంచి, ఆటయు పనియు చదువులో భాగములని చెప్పినది. 2023 ఫిబ్రవరిలో కేంద్రవిద్యాశాఖ జాదూయీ పిటారా అను పేర ఈ వయసువారికి ఆటవస్తువుల పెట్టెను వెలువరించినది. ఇవి మెచ్చదగినవి. కాని పెట్టె తెఱచినప్పుడే ఫలము. వస్తువు పోయిన నేనేమి చెప్పుకొందునను భయమున బీరువాలో పెట్టి తాళము వేసినచో, అది సామానుపట్టీలో నొక పంక్తి మాత్రమే. 2016లో మొదలైన అటల్ ఇన్నోవేషన్ మిషన్ దేశమున పదివేలకు మించిన పాఠశాలలలో టింకరింగ్ ప్రయోగశాలలు పెట్టినది. అవి ఆఱవతరగతినుండి పైవారికి. పదునొకండేండ్లవఱకు "ముట్టుకోకు, పాడుచేస్తావు" అని చెప్పి, పండ్రెండవయేట "కనిపెట్టుము" అనిన ఆ చేయి యెట్లు కదలును?

ప్రభుత్వమును పాఠశాలలును చేయవలసినది అటుండగా, ఇల్లు చేయవలసినది ఇంకను దగ్గఱనున్నది. మన యింట ఆడపిల్లకు లక్కపిడతలు, మగపిల్లవానికి బండి ఇచ్చుట వాడుక. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడుకఱ్ఱను తరిమెన పట్టి, తిరుగుచున్న కఱ్ఱకు రంగులక్కను ఆనింపగా, ఆ రాపిడివేడికి లక్క కరగి పూతయై నిలుచును. ఆ బొమ్మలకు 2017లో భౌగోళికసూచిక గుర్తింపు లభించినది. పిడతలు చూచి మురిసిన మనము, ఇది ఎవరో యొకరు చేతితో చేసినదని బిడ్డకు చెప్పుచున్నామా? ఆ పిడతలు మగపిల్లవానికిని ఇయ్యవలెను; సుత్తి ఆడపిల్లకును ఇయ్యవలెను. చపాతిపిండిలో నొక ముద్దను కొడుకునకు పెట్టి ఒత్తనిండు. విఱిగిన కుర్చీని బాగుచేయునప్పుడు కూతును ప్రక్కన కూర్చుండబెట్టి మేకులు అందీయనిండు. వంకరగా వచ్చిన చపాతిని నవ్వక తినుడు. బడివారు అడిగిన "ప్రాజెక్టు"ను తల్లియే రాత్రి పదిగంటలవఱకు మేలుకొని అందముగా అతికించి పంపుట మాత్రము మానుడు. అందులో బిడ్డ నేర్చుకొనునది, తన చేతిపని పనికిరాదను నొక్కటియే.

మొన్న వడ్రంగి మరల వచ్చెను. ఈమాఱు తెచ్చిన చెక్కముక్కల అంచులు చిత్రిక పట్టి నునుపు చేయబడియున్నవి. సంచిని బల్లప్రక్కన దించి, "అక్షరాలు మాత్రం మరవకండి మాస్టారూ" అని చెప్పి పోయెను. ఆ మాటను కార్యకర్త పనిమూలకు పైనున్న గోడమీద వ్రాసినది. పిల్లలకింకను చదువరాదు, అది మాకొఱకు వ్రాసినది.